తెర మీది మరణాలు – తెర వెనుక కాగితాలు

సాయంత్రం ఏడు గంటలు దాటిన తరువాత మన బడంగ్‌పేట్ వీధులలో నడిచేవారికి ఒక అనుభవం తప్పదు. ఒక ఇంటి కిటికీలో మొదలైన సంభాషణ రెండవ ఇంటి కిటికీలో కొనసాగి, మూడవ ఇంటి ముందుకు వచ్చేసరికి ఏడుపుతో ముగుస్తుంది. అన్ని ఇళ్ళలోను ఒకటే ధారావాహిక. 2022 మార్చిలో ‘కార్తీకదీపం’ నాయికా నాయకులు దీప, కార్తీక్ ఇద్దరూ మరణించినట్లు చూపినప్పుడు, మరునాడు మా ఇంటికి వచ్చిన చుట్టాలు మొదట పరామర్శించినది ఆ సంగతినే. “వంటలక్క పోయిందంట గదా” అని మా అమ్మమ్మ అన్న తీరులో, పక్కింటి మనిషి పోయినంత దుఃఖం ఉన్నది.

ఆ తరువాత వచ్చిన ప్రశ్న నన్ను ఆలోచింపజేసినది. “జీతం కాడ తేడా వచ్చిందేమో” అన్నారొకరు. ఆ మాటకు ఆధారమేమీ లేదు. కొద్ది నెలలకే దీప బ్రతికి వచ్చినది కూడా. కాని పాత్ర ఆయువు రచయిత కలంలో మాత్రమే లేదని, ఎక్కడో ఒక ఒప్పంద పత్రంలో కూడా ఉన్నదని మన ఇళ్ళలోని పెద్దలకు సైతం తెలిసిపోయినది. దీపగా నటించిన ప్రేమి విశ్వనాథ్ ఈ కథకు మూలమైన మలయాళ ‘కరుత్తముత్తు’లోను తొలుత నాయికయే. అక్కడ ఆ పాత్ర నడుమలో వేరొక నటి చేతికి వెళ్ళినది. ఒక భాషలో చేజారిన పాత్రయే మరొక భాషలో ఆమెను ఇంటింటి మనిషిని చేసినది.

ఇది మన దేశానికే ప్రత్యేకమైన విషయం కాదు. అమెరికాలో ‘డాలస్’ అను ధారావాహికలో 1980లో ప్రతినాయకుని ఎవరో తుపాకితో కాల్చినట్లు చూపి కథను ఆపారు. ఆ పాత్రధారి లారీ హాగ్‌మన్ ఆ ఉత్కంఠనే ఆయుధంగా చేసుకొని, పారితోషికం పెంచితే తప్ప రానని కూర్చున్నాడు, పెంచుకొనియే వచ్చాడు. అదే ధారావాహిక నుండి 1985లో పాట్రిక్ డఫీ తప్పుకొనగా అతని పాత్రను చంపివేశారు. 1986లో అతడు తిరిగి రావడానికి అంగీకరించగానే, గడచిన ఏడాది కథ అంతా ఒక స్త్రీ కన్న కల అని చెప్పి చేతులు దులుపుకొన్నారు. ఒక సంతకం కొరకు ఒక సంవత్సరపు కథ కల అయిపోయినది!

అయితే హాగ్‌మన్ వలె బేరమాడగలవారు ఎందరు? మన వార్తాపత్రికలు, యూట్యూబు వారు నాయికల రోజువారీ పారితోషికం ఇంత అని అంకెలు ప్రకటిస్తూ ఉంటారు. ఆ అంకెలను నేను నమ్మను. పైగా అవి అసలు విషయాన్ని మరుగుపరుస్తున్నవి. ధారావాహికలో నెల జీతమన్నది సాధారణంగా ఉండదు. నటులకు రోజు లెక్కనే చెల్లింపు. నెలలో ఎన్ని రోజులు పిలిచితే అన్ని రోజులకే సొమ్ము. నాయికకు ఇరువది రోజుల పని దొరకవచ్చును. ఆమె పినతల్లికి నాలుగు రోజులే దొరకవచ్చును. చీరలు, నగలు, రవికల కుట్టుబడి చాలా సందర్భాలలో నటి చేతి నుండియే. నాలుగు రోజుల పనికి ఎనిమిది చీరలు కావలసి వచ్చినప్పుడు మిగిలేదేమిటో మా వాణిజ్య శాస్త్ర విద్యార్థులు లెక్క కట్టవచ్చును.

మా వీధిలో అటువంటి పినతల్లి ఒకరు ఉన్నారు. మేమందరం ఆమెను అక్కా అనే పిలుస్తాము. తెల్లవారకముందే బయలుదేరి, బాహ్యవలయ రహదారి మీదుగా పెద్ద అంబర్‌పేట దాటి చిత్రీకరణకు వెళ్ళి, రాత్రి పది గంటలకు తిరిగి వచ్చేవారు. పదునాలుగు నెలలు అలా చేశారు. ఒకనాటి రాత్రి ఇంట్లో టీవీ చూస్తుండగా, కథలో ఎవరో “పిన్ని అమెరికా వెళ్ళింది” అన్నారు. తన ఉద్యోగం పోయినదని ఆమెకు తెలిసినది ఆ ఒక్క మాట వలననే. “ఫోన్ రాలే తమ్మీ, అంతే. నేను గూడ అందరి లెక్కనే టీవీల చూసి తెలుసుకున్న” అన్నారు నాతో. రావలసిన సొమ్ము వాయిదాలలో వచ్చినది. ఆఖరి వాయిదా ఇంకను రాలేదు. ఒప్పంద పత్రం చూపుమని అడిగితే నవ్వారు. మేనేజరు మాటయే పత్రమట.

మా తరగతిలో 1872 నాటి భారత ఒప్పందాల చట్టం చదువుకొన్నాము. నోటిమాట ఒప్పందం కూడా చెల్లుతుంది, నిరూపించుటయే కష్టం. సినీ కార్మికులతో వ్రాతపూర్వక ఒప్పందం ఉండి తీరవలెనని 1981లోనే చట్టం వచ్చినను, అది చలనచిత్రాలకే పరిమితమై టెలివిజనును విడిచివేసినది. పార్లమెంటు 2020లో ఆమోదించిన వృత్తి భద్రత, ఆరోగ్యం, పని పరిస్థితుల కోడు 2025 నవంబరు 21న అమలులోనికి వచ్చినది. అందులో టెలివిజను, వెబ్ ధారావాహికల నటులు, డబ్బింగ్ కళాకారులు కూడా ‘శ్రవ్య దృశ్య కార్మికులు’గా చేరారు. పని స్వభావం, వేతనం, పని గంటలు వ్రాసిన ఒప్పందం లేకుండా వారిని పనిలో పెట్టుకొనరాదు. కేంద్ర ప్రభుత్వం ప్రకటించే పారితోషిక పరిమితికి లోబడినవారికే ఈ రక్షణ. అనగా ఇది నాయిక కొరకు కాదు, పినతల్లి కొరకు వచ్చిన చట్టం. అక్కకు దీని మాటయే తెలియదు.

నిర్మాతల పక్షమున చెప్పవలసినది లేకపోలేదు. ‘కార్తీకదీపం’ మొదటి భాగం 2017 నుండి 2023 వరకు పదిహేను వందలకు పైగా భాగాలు నడచినది. అంతకాలం ఒకే మనిషి ఒకే పాత్రలో ఉండవలెననుట కఠినమే. సినిమా అవకాశం రాగానే నటి వెళ్ళిపోతే, నిర్మాత రాత్రికి రాత్రి కొత్త ముఖాన్ని వెదకుకొనవలెను. మా ఉర్దూ మాధ్యమ మిత్రుని ఇంట్లో పాకిస్తానీ ధారావాహిక ‘తన్హాయియాఁ’ వీడియో క్యాసెట్లను ఇప్పటికీ భద్రపరచుకొన్నారు. 1985 నాటి ఆ కథ పదమూడు భాగాలలో పూర్తి అయినది. కథ ఎన్నడు ముగియునో నటులకు, నిర్మాతకు, ప్రేక్షకులకు ముందే తెలిసినప్పుడు నడుమలో ఎవరినీ అమెరికా పంపవలసిన పని లేదు. రేటింగు ఉన్నంతకాలం సాగదీయుట మొదలైన తరువాతనే ఈ మరణాలు, ఈ కలలు ఎక్కువైనవని నా అభిప్రాయం.

వెళ్ళిపోయినవారిని వెంటాడే షరతుల విషయం కూడా చెప్పవలెను. ఒప్పందం నడచుచున్నంతకాలం వేరొక ఛానల్‌లో నటించరాదనుట న్యాయమే కావచ్చును. కాని ఒప్పందం ముగిసిన తరువాత కూడా కట్టివేయుట చట్టంలోని 27వ సెక్షను ప్రకారం చెల్లదని, క్రికెట్ క్రీడాకారుడు జహీర్ ఖాన్ వ్యవహారంలో 2006లో సుప్రీంకోర్టు చెప్పినది. బెదిరింపుకు లొంగేవారికి ఈ తీర్పు తెలిసి ఉండదు.

ముంబయిలో పని చేసిన తొంభై రోజులకు పారితోషికం ఇచ్చు ఆచారం చిరకాలంగా ఉన్నది. ‘తారక్ మెహతా కా ఉల్టా చష్మా’ నుండి 2022లో తప్పుకొన్న శైలేష్ లోఢా అంతటి ప్రసిద్ధుడు తన బాకీ కొరకు న్యాయమండలి మెట్లు ఎక్కవలసి వచ్చినది. 2023లో ఉభయుల అంగీకారంతో కోటి రూపాయలకు పైగా చెల్లింపు జరిగినది. ఆయనకు న్యాయవాదిని పెట్టుకొను స్తోమత కలదు. ‘ఫ్రెండ్స్’ నటులు ఆరుగురు జట్టుగా నిలిచి, అందరికీ సమాన పారితోషికమని పట్టుబట్టి, 2002 నాటికి భాగానికి పది లక్షల డాలర్ల చొప్పున పొందారు. అక్కడ నాయిక, పినతల్లి అను భేదం లేకపోవుట నాకు ఎక్కువ నచ్చినది.

మన కళాశాల నుండి డబ్బింగ్‌కు, వ్యాఖ్యానానికి, చిన్న వేషాలకు వెళ్ళే మిత్రులు ఏటేటా పెరుగుచున్నారు. కనుక వాణిజ్య శాస్త్ర విభాగం చేత కొత్త చట్టానికి అనుగుణమైన ఒప్పంద పత్రపు నమూనాను తెలుగులోను ఉర్దూలోను తయారు చేయించి గ్రంథాలయంలో ఉంచవలెనని కళాశాల కమిటీ వారిని కోరుచున్నాను. ఈ సంగతి అక్కతో చెప్పాను. అందులో చీరల ఖర్చుకు ఒక వరుస, ‘పాత్రను ఆపే ముందు ఇన్ని రోజుల ముందు తెలుపవలెను’ అనుటకు ఒక వరుస తప్పక వేయించమన్నారు.