జీను మీద కావలసింది నిలకడ

గుర్రపుస్వారీ అనగానే మన కాలేజీలో చాలామందికి గుర్తొచ్చేది సినిమా హీరో, లేకపోతే డబ్బున్నవాళ్ళ సరదా. కానీ ఎన్.సి.సి.లో రిమౌంట్ అండ్ వెటర్నరీ అనే విభాగం ఒకటుంది. అందులో చేరితే నాలాంటి రైతుబిడ్డ కూడా గుర్రం ఎక్కవచ్చు. రెండేళ్ళుగా ఎక్కుతున్నాను గనుక ఆ విషయమే నాలుగు మాటలు రాస్తున్నాను.

కొత్త క్యాడెట్ చెవిలో మొదట పడే సలహా ఏమిటో తెలుసా? "తొడలు బిగించి పట్టుకో, పడవు!" ఆ తర్వాత పోటీల తేదీ దగ్గర పడిందని, నెల తిరక్కుండా అడ్డుకర్రల మీదుగా దూకించడం మొదలుపెడతారు. మొండిధైర్యం ఉన్నవాడు మిగులుతాడు. మిగతావాడు నడుం పట్టుకొని హాస్టల్‌కు పోయి, మళ్ళీ రాడు. నాతో చేరినవాళ్ళలో చాలామంది అలాగే మానేశారు. దీన్ని శిక్షణ అనాలా, జల్లెడ పట్టడం అనాలా?

సైన్సు విద్యార్థులం గదా, ఆ సలహానే ఒకసారి పరీక్షిద్దాం. బట్టలకు పెట్టే క్లిప్పును లావుపాటి గుండ్రని కర్రమీద నొక్కి చూడండి. గట్టిగా బిగిసేకొద్దీ అది పైకి జారుతుంది. జీను మీద మన గతీ అంతే. మోకాలు బిగిస్తే అదే ఇరుసవుతుంది. కింది కాలు వెనక్కి ఊగుతుంది, మడమ లేస్తుంది, ఒళ్ళు ముందుకు తూలుతుంది. గురుత్వ కేంద్రం నుంచి గీసిన నిలువు గీత ఆధారం లోపలే పడాలని హైస్కూల్లోనే చదువుకున్నాం. రౌతును పక్కనుంచి చూస్తే చెవి, భుజం, తుంటి, మడమ ఒకే నిలువు గీతలో ఉండాలి. కింద గుర్రం ఉన్నట్టుండి మాయమైతే మనిషి పాదాల మీద నిలబడి ఉండాలి, కూలబడకూడదు. క్రీ.పూ. 4వ శతాబ్దంలో గ్రీకు రచయిత జెనోఫోన్ కూడా రౌతు కూర్చోవలసింది కుర్చీలోలా కాదు, కాళ్ళు ఎడంచేసి నిలబడ్డట్టు అనే రాశాడు. ఆనాటి గ్రీకులకు రికాబులే లేవు!

ఇది మన పల్లెలకు తెలియని విద్యా? దమ్ము చేసిన మడిని చదును చేసేటప్పుడు ఎడ్లు లాగే బల్లమీద మా తాతయ్య నిలబడేవాడు. దేన్నీ బిగించి పట్టుకునేవాడు కాదు. బల్ల ఎగిరితే ఆ కుదుపును చీలమండలు, మోకాళ్ళు, తుంటి పంచుకునేవి, తల మాత్రం కదిలేది కాదు. స్వారీకి కావలసింది సరిగ్గా అదే.

ఆ నిలకడ సాధనతో వస్తుంది. వియన్నాలోని స్పానిష్ రైడింగ్ స్కూల్లో కొత్త శిష్యుణ్ణి పొడవాటి తాడుకు కట్టిన గుర్రమెక్కించి, రికాబులు, పగ్గాలు లేకుండా నెలల తరబడి గుండ్రంగా తిప్పుతారు. గుర్రాన్ని ఉస్తాద్ చూసుకుంటాడు, శిష్యుడు తన ఒంటిని చూసుకుంటాడు. మనమూ ముందు నడకలో, కుదురు వచ్చాక ట్రాట్‌లో ఇలా చేయవచ్చు. చేతులు చెరోవైపు చాపి నడుమును అటూ ఇటూ తిప్పడం, చీలమండలను గుండ్రంగా తిప్పడం, తుంటి దగ్గర నుంచి కాలును జీనుకు కాస్త ఎడం చేసి మెల్లగా దించడం. ఈ చివరిదానితో తొడ వెనక్కి సర్దుకొని కాలు పొడవుగా వేలాడుతుంది. రికాబులు తొడిగాక ఇంకో అభ్యాసం ఉంది. జూలు పట్టుకొని రికాబుల మీద లేచి నిలబడాలి. పాదం ముందుకు పోతే వెనక్కి కూలబడతాం, వెనక్కి పోతే గుర్రం మెడమీద పడతాం. మార్కులు అక్కడికక్కడే! ట్రాట్ రెండు తాళాల నడక. మామూలుగా ఒకదానికి లేచి ఒకదానికి కూర్చుంటాం. రెండింటికి లేచే ఉండి మూడోదానికి కూర్చుని చూడండి, కాలు ఎక్కడుందో తెలిసిపోతుంది.

ఒక్క జాగ్రత్త. రికాబులు లేకుండా ఒక్కోసారి పది నిమిషాలు చాలు. అలసిపోతే ఎవరైనా మళ్ళీ బిగిస్తారు, కుదురులేని బరువు గుర్రం వీపుమీద దబదబ పడుతుంది. మెడమీద కాడిపుండు పడిన ఎద్దును మా ఇంట్లో మానేదాకా బండికి కట్టేవారు కాదు. గుర్రానికీ నోరు లేదు మరి.

"గుర్రాలు తక్కువ, టైమూ తక్కువ, ఇవన్నీ కుదురుతాయా?" అంటారు. గుర్రం లేకుండా చేసేవీ ఉన్నాయి. మెట్టు అంచున మునివేళ్ళ కింది భాగం ఆనించి మడమలు దించడం, ఒంటికాలి మీద నిలబడటం హాస్టల్ వరండాలో చేసుకోవచ్చు. మనిషికి పది నిమిషాలైతే ఒక్క గుర్రం మీద గంటలో ఐదుగురు సాధన చేయవచ్చు, నడుమ దానికి కాస్త విశ్రాంతి ఇస్తూ. రికాబులు లేకపోతే ప్రమాదమని కొందరి భయం. తాడు ఉస్తాద్ చేతిలో ఉండి, గుర్రం నెమ్మదైనదైతే, నెలరోజుల రౌతును అడ్డుకర్రల మీదికి తోలడం కన్నా ఇదే క్షేమం.

కండబలమే స్వారీ అనుకునేవారికి ఒక్క పేరు చెబుతాను. డెన్మార్క్‌కు చెందిన లిస్ హార్టెల్‌కు 1944లో పోలియో వచ్చి మోకాళ్ళ కింది భాగం చచ్చుపడింది. గుర్రం ఎక్కడానికే మరొకరి సాయం కావాలి. ఆమె 1952, 1956 ఒలింపిక్స్ రెండింటిలోనూ డ్రెస్సాజ్ పోటీలో రజతం గెలిచింది, మగవాళ్ళతో పోటీపడి! 1982 ఢిల్లీ ఆసియా క్రీడల తర్వాత స్వారీలో మనకు మళ్ళీ స్వర్ణం వచ్చింది 2023లో, హాంగ్‌ఝౌలో. ఆ డ్రెస్సాజ్ జట్టులోని నలుగురిలో ఇద్దరు అమ్మాయిలే. కాబట్టి సెలక్షన్ రోజున అమ్మాయిలను, బక్కపలచటివాళ్ళను పక్కన నిలబెట్టే అలవాటుకు ఆధారమేమీ లేదు.

నేను కోరేది పెద్ద ఖర్చుతో కూడింది కాదు. కొత్తవాళ్ళ మొదటి మూడు నెలలూ తాడుకు, రికాబుల్లేని సాధనకు కేటాయించండి. అప్పటిదాకా పోటీల ఊసెత్తవద్దు. ఎంపిక ఆ తర్వాత చేయండి. ఈ మాటను అధికారుల ముందు పెట్టవలసిందిగా యూనియన్ మిత్రులనూ, అధ్యాపకులనూ కోరుతున్నాను. ఒకప్పుడు ఇక్కడ స్వారీ నేర్చిన పూర్వ విద్యార్థులు ఒక్క ఆదివారం మైదానానికి వచ్చి తాడు పట్టినా చాలు. వచ్చే ఏడాది చేరే పల్లెటూరి కుర్రాడు, అతని పక్కన చేరే అమ్మాయి, మానేయకుండా నిలుస్తారు.