సగటు న్యాయం

మొన్న బంట్వారంలో ఒక కూలి ఇంటికి వెళ్లాను. వంటింటి మూల గ్యాసు సిలిండరుంది; దానిమీద పాతగుడ్డ కప్పి చాట పెట్టారు. పెరట్లో కందికట్టె పొగలు చిమ్ముతోంది. తాండూరు కందికి 2022లో భౌగోళిక గుర్తింపు వచ్చింది. పప్పు పట్నాలకు పోయింది, కోసిన మనిషికి కట్టె మిగిలింది.

"గ్యాసుండగా ఈ పొగెందుకక్కా?" అన్నాను.

"అది చుట్టాలొచ్చిననాడు సారూ. సర్కారు అయిదువందలకు ఇస్తనన్నది గని, మునుపు ఎన్ని వాడితే అన్నేనట. మేమెన్నడు వాడినం?"

ఆ ప్రశ్నకు మనం జవాబు చెప్పవలసి ఉంది.

2024 ఫిబ్రవరి 27న తెలంగాణ ప్రభుత్వం రెండు పథకాలు ప్రారంభించింది. తెల్ల రేషను కార్డుగల ఇంటికి నెలకు 200 యూనిట్ల లోపు విద్యుచ్ఛక్తి ఉచితం. సిలిండరు 500 రూపాయలకు. ఇవి మేలు కావని నేననను. ఉచితాలు ప్రజలను సోమరులను చేస్తాయనే పెద్దమనుషులతో నాకు పొత్తు లేదు. ఎండలో కంది కోసే ఆడమనిషిని సోమరి అనగల నోటితో వాదించుట దండగ. నా తగవు మనవారితోనే. పథకం వచ్చింది గదా, ఇక పోరాటమేల అనే మిత్రులతో.

నిబంధన చదవండి. రాయితీ సిలిండర్ల సంఖ్య గత మూడేళ్ల వాడకపు సగటును మించరాదు. పైగా పూర్తి ధర ముందు చెల్లించాలి. రాయితీ తరువాత బ్యాంకు ఖాతాలో పడుతుంది. అనగా డబ్బులేక ఏటా రెండే కొన్న ఇంటికి రాయితీ రెండింటికే; ఎనిమిది కొనగలిగిన ఇంటికి ఎనిమిదింటికి. ఆకలిగొన్నవాడు నిన్న ఎంత తిన్నాడో విచారించి నేడు అంతే వడ్డించే న్యాయమిది!

ఈ జబ్బు కొత్తది కాదు. 1999లో ఉమ్మడి రాష్ట్రపు దీపం పథకమూ, 2016లో కేంద్రం ప్రారంభించిన ఉజ్జ్వలా పేద ఇండ్లకు కనెక్షన్లిచ్చాయి. కనెక్షను ఒకసారి ఇస్తే తీరుతుంది. గ్యాసు మాత్రం మళ్లీ మళ్లీ కొనాలి. ఆ కొనుగోలును కూలిడబ్బులకే వదిలిపెట్టారు. కనుకనే పొయ్యి వచ్చినా పొగ పోలేదు.

2000 ఆగస్టు 28న హైదరాబాదు బషీర్‌బాగులో, విద్యుత్ చార్జీల పెంపును ఎదిరించిన ప్రదర్శనపై పోలీసులు కాల్పులు జరిపారు, ముగ్గురు మరణించారు. వారు దానమడగడానికి వీధికి రాలేదు. వెలుతురు మనిషి హక్కని చెప్పడానికి వచ్చారు. నిప్పు కూడా అట్టి హక్కే.

కనుక అధ్యాపక మిత్రులారా, విద్యార్థులారా, పథకాన్ని పొగడుటతోనో తెగడుటతోనో మన పని తీరదు. సగటు నిబంధన ఎత్తివేయమని అడగాలి. రాయితీ ముందే తగ్గించి, 500 రూపాయలకే సిలిండరు ఇంటికి చేర్చమని అడగాలి. ఆ ఇంటికి ఎన్ని సిలిండర్లు కావాలో వంట చెప్పాలి గాని, నిన్నటి పేదరికం చెప్పరాదు.