ఆహార హితోపదేశమును, అంగడి ధరలును

హైదరాబాదునందలి జాతీయ పోషకాహార సంస్థవారు 2024లో ఆహారమునుగూర్చి 17 సూత్రములు ప్రకటించిరి. దేహమునకు వలయు శక్తిలో ధాన్యములవలన వచ్చునది నూటికి 45 పాళ్లు మించరాదనియు, పప్పు, కూరలు, పండ్లు, పాలు తగినంత యుండవలెననియు వారి హితవు. శాస్త్రమును మే మాక్షేపింపము. జనులు దాని నాచరింపకుండుట యజ్ఞానముచేతనే యనువారితో మాత్రము ఏకీభవింపజాలము.

2023 జనవరినుండి కార్డు గల ఏలూరు కూలివాని కుటుంబమునకు తలకు నెలకు 5 కిలోల చొప్పున బియ్యము ఉచితముగ వచ్చుచున్నది. కందిపప్పునకు రొక్కము కావలెను. బియ్యము నెల్లాళ్లు నిలుచును; ఆకుకూర మరునాటికి వాడును. ఆ నష్టమును సంపన్నుడు గమనింపడు, కూలివాడు మరువడు.

ఇక కొల్లేటి చేప! వల లాగినవాని కన్నులయెదుటనే మంచులో కూరబడి లారీలమీద కలకత్తాకును అస్సామునకును తరలుచున్నది. ఆ దూరపు బేరమునకు సరితూగి యతడు కొనుట యెట్లు?

కూరగాయల సేద్యము నేర్పుటకు తాడేపల్లిగూడెము చెంత, వెంకట్రామన్నగూడెమున, 2007నుండి ఉద్యాన విశ్వవిద్యాలయమే యున్నది, సంతోషము. కాని సర్కారు మద్దతు ధర నిచ్చి కొనునది వడ్లు. కూరగాయలకు ఆ పూచీ లేదు. రైతు దేనిని పండించునో వేఱుగ చెప్పవలెనా?

ప్రభుత్వమువారు చౌకధరల దుకాణమున బియ్యపు బస్తా ప్రక్కను పప్పు బస్తాను గూడ ఏడాది పొడవునను నిలుపుదురుగాక. సూత్రముల పత్రములు పిదప పంచవచ్చును.