తప్పు ధాన్యానిదా, ఎసరుదా?

"చిరుధాన్యాలు ఆరోగ్యానికి మంచివేగానీ మన నాలుకకు ఎక్కవండీ. తరతరాలుగా వరి తిన్న ఒళ్లు మనది." ఈ మాట పెళ్లి పందిట్లోనూ వినిపిస్తుంది, ఆఫీసు క్యాంటీన్లోనూ వినిపిస్తుంది. అనేవారికి అది అనుభవం. పరిశీలిస్తే అందులో ఒక్క ముక్కా నిలవదు.

ముందు తరతరాల సంగతి చూద్దాం. ఎవరి తరాలు? ధవళేశ్వరం ఆనకట్ట 1852లో, బెజవాడ ఆనకట్ట 1855లో పూర్తయ్యాయి. ఆ కాలవల కింది డెల్టాకు వరి పాత చుట్టమే, కాదనను. అనంతపురం, కర్నూలు, మహబూబ్‌నగర్ మెట్టల మాటేమిటి? అక్కడ వరి బువ్వ పండక్కో, చుట్టం వస్తేనో వండేవారు. మిగిలిన రోజులన్నీ సంగటి, రొట్టె, గటక, అంబలి. రెండు రూపాయలకు కిలో బియ్యం పథకం వచ్చింది 1983లో. ఇవాళ సన్నబియ్యమని మురిసిపోతున్న బీపీటీ 5204 బాపట్ల నుంచి విడుదలైంది 1986లో. మన నాయనమ్మలు చిన్నప్పుడు ఎరగని వంగడాన్ని పట్టుకుని తరతరాల వారసత్వం అంటే మీరు ఒప్పుకుంటారా?

కాస్త చదువుకున్నవారు శ్రీనాథుణ్ణి సాక్షిగా తెస్తారు. పల్నాట జొన్న తప్ప మరొకటి దొరకదని ఆయన పేరున చాటువు ఉంది కదా అంటారు. ఉంది. ఆ సాక్ష్యం ఎవరి పక్షం? రాజాస్థానాల్లో వరి అన్నం మరిగిన నాలుక పల్నాడు వచ్చి విసుక్కుంది. అదే జొన్న తిని అక్కడి రైతు పొలం దున్నుకున్నాడు. ధాన్యం ఒకటే, నాలుకలు రెండు. ఇందులో తేలింది జొన్న గుణమా, అలవాటు గుణమా?

ఇక వంట. అసలు నేరం జరుగుతున్నది ఇక్కడే. కొర్రల్ని నానబెట్టకుండా, బియ్యంలాగే కొలిచి, అదే కుక్కర్లో అవే మూడు కూతలకు దించి, గొంతు దిగడం లేదంటారు. కొన్ని గంటలు నాననిచ్చారా? నీళ్లు రెండింతలకు పైగా పోశారా? దించాక మూత తియ్యకుండా కాసేపు మగ్గనిచ్చారా? జొన్నరొట్టె విరిగిపోతోందని ఇంకొకరి ఫిర్యాదు. విరగదూ మరి! గోధుమలోని సాగే గుణం జొన్నకు లేదు. అందుకే ఎరిగినవాళ్లు మరుగుతున్న ఎసరు పిండిలో పోస్తారు. ఆ వేడికి పిండి కొంత ఉడికి జిగి పడుతుంది. వేడి ఆరేలోగా అరచేత్తో బాగా పిసికి, పొడిపిండి చల్లిన పీట మీద తట్టి, పెనం మీద వేశాక పైన తడిగుడ్డ అద్దుతారు. ఇంత విద్యను పక్కనబెట్టి, చన్నీళ్లు పోసి, చపాతీ కర్రతో కుస్తీ పట్టి, చివరకు జొన్నదే తప్పంటే ఎలా?

సజ్జరొట్టె చేదట! సజ్జలో కొవ్వు ఎక్కువ. పట్టించిన కొద్ది రోజులకే పిండి కనరెక్కుతుంది. ఎప్పుడు ఆడించారో తెలియని పొట్లం కొనుక్కొచ్చి సజ్జను తిట్టడం, ఆడలేక మద్దెల ఓడనడమే. రాగిసంగటి పళ్లకు అంటుకుంటోందని అనేవారూ ఉన్నారు. అది నమిలే తిండి అని వారికెవరు చెప్పారు? ముద్ద తుంచి, నాటుకోడి పులుసులోనో చెనక్కాయల ఊరిబిండిలోనో ముంచి మింగాలి. రాయలసీమలో చిన్నపిల్లలకు కూడా తెలిసిన సంగతి ఇది.

ప్రచారకులూ తక్కువ చేయలేదు. ఐక్యరాజ్యసమితి చిరుధాన్యాల సంవత్సరంగా జరిపిన 2023 పొడుగునా మనం విన్నది షుగరు, బరువు, పీచు. రుచి గురించి ఎంతమంది మాట్లాడారు? మందని చెప్పి కంచంలో పెట్టినదాన్ని ఎవరైనా మందులాగే మింగుతారు, కోర్సు అయిపోగానే మానేస్తారు.

జొన్న మీద తీర్పు చెప్పదలచినవారు ముందు గిర్నీలో అప్పటికప్పుడు పట్టించిన పిండి తెచ్చుకోండి. ఎసరు మరగనిచ్చి కలపండి. చేయి తిరిగిన వాళ్ల పక్కన కూర్చుని తట్టడం నేర్చుకోండి. ఒక నెల తినండి. అప్పటికీ నచ్చకపోతే మానెయ్యండి, మీ ఇష్టం. ఊరందరి నాలుక తరఫున మాత్రం మాట్లాడకండి.