స్థూపం లేని చావులు

మావోయిస్టు పార్టీ నాయకుడు మల్లోజుల వేణుగోపాలరావు నలభై ఏళ్లకు పైగా అజ్ఞాతంలో గడిపారు. ఆయన అన్న కోటేశ్వరరావు, అందరూ కిషన్‌జీ అని పిలిచే నాయకుడు, 2011లో బెంగాల్‌లో ఎన్‌కౌంటర్లో పోయారు. అంత చరిత్ర ఉన్న మనిషి 2025లో ఆయుధాలు పక్కన పెడదామని లేఖ రాస్తే పార్టీ ఆయన్ని ద్రోహి అంది. దగ్గరున్న తుపాకులు అప్పగించమని హెచ్చరించింది. అక్టోబరు మధ్యలో ఆయన గడ్చిరోలిలో అరవై మందితో లొంగిపోయారు. నెల దాటిన కొద్ది రోజులకే, నవంబరు 18న, మారేడుమిల్లి అడవిలో మావోయిస్టు నాయకుడు హిడ్మా చనిపోయాడు. అదే రోజు విజయవాడ చుట్టుపక్కల మావోయిస్టులను పదుల సంఖ్యలో అరెస్టు చేశారన్న వార్త మన జిల్లా అంతా మోగిపోయింది.

ఆ లేఖలో రాసింది ఒప్పా తప్పా అన్నది వేరే చర్చ. నన్ను కలవరపెట్టింది ద్రోహి అన్న ఆ మాట. మల్లోజులకు పోలీసు జీపు దాకా దారి దొరికింది కాబట్టి బతికి బయటపడ్డారు. అదే ముద్ర పడ్డ చిన్న కార్యకర్తలు ఎందరో బతకలేదు.

మన వత్సవాయి నుంచి మునేరు దాటి బోనకల్లు, మధిర వైపు వెళ్తే ఊరి మొగదల్లో అమరుల ఎర్ర స్థూపాలు కనిపిస్తాయి. కొన్ని ఊళ్లలో ఒకటికి రెండున్నాయి, పార్టీ చీలినప్పుడల్లా ఒకటి లేచినట్టు. ఈ నేలకు ఆ చరిత్ర కొత్త కాదు. మునగాల పరగణా ఒకప్పుడు మన నందిగామ తాలూకాలోదే. చుట్టూ నిజాం రాజ్యం, మధ్యలో మద్రాసు రాష్ట్రపు తునక. జమీందారు మీద రైతులు అక్కడ 1930లలోనే లేచారు. తెలంగాణ సాయుధ పోరాటం నడిచిన రోజుల్లో సరిహద్దు దాటి వచ్చినవాళ్లకు మన మెట్ట ఊళ్లు తిండి పెట్టాయి, తల దాచుకోనిచ్చాయి.

ఆ పోరాటంలోనూ విభేదాలు తక్కువేం కాదు. 1948 సెప్టెంబరులో పోలీసు యాక్షన్ అయ్యాక తుపాకులు దించాలన్నారు రావి నారాయణరెడ్డి. కొనసాగించాలన్నారు పార్టీ పెద్దల్లో చాలామంది. ఆయన బొంబాయి వెళ్లి తన వాదన రాసుకున్నారు, పార్టీలో తీవ్రమైన విమర్శలు పడ్డారు. 1951 అక్టోబరులో పోరాటం విరమించారు. మరుసటి ఏడాది ఎన్నికల్లో అదే రావి నారాయణరెడ్డి నల్లగొండ నుంచి నిలబడి నెహ్రూ కంటే ఎక్కువ ఓట్లతో గెలిచారు. ఆపుదామన్న మనిషిని ఆనాడు ఎవరూ అడవిలోకి తీసుకెళ్లి కాల్చలేదు. పార్టీకి చేతిలో తుపాకీ ఉంది, ఎదుట భయంకరమైన నిర్బంధం ఉంది, అయినా ఆ పని చెయ్యలేదు. ఇది మనం మరిచిపోకూడని సంగతి.

తర్వాత చీలికల మీద చీలికలు. 1964లో సీపీఎం, 1969లో ఎంఎల్ పార్టీ. చారు మజుందార్ దారిని ఒప్పుకోని తరిమెల నాగిరెడ్డి, దేవులపల్లి వెంకటేశ్వరరావు, చండ్ర పుల్లారెడ్డి ఒక్కటిగా ఉన్నారు, కొన్నాళ్లకు వాళ్లూ విడిపోయారు. 1980లో కొండపల్లి సీతారామయ్య పీపుల్స్‌వార్ పెట్టారు. పుల్లారెడ్డి పార్టీ ముక్కల్లోంచి న్యూడెమోక్రసీ, జనశక్తి వచ్చాయి. అందరూ మార్క్స్‌నూ మావోనూ చదివినవాళ్లే. అందరూ భూమి లేనివాడికి భూమి కావాలన్నవాళ్లే. 1990లు వచ్చేసరికి కరీంనగర్ పల్లెల్లో వార్, జనశక్తి దళాలు ఒకదాన్నొకటి వేటాడే స్థితి. ఖమ్మం, వరంగల్ అడవుల్లో వార్‌కూ న్యూడెమోక్రసీకీ అదే వైరం.

తగాదా సిద్ధాంతం గురించేనంటే నేను నమ్మను. ఎవరి ఊరు, ఎవరి సంఘం, తునికాకు కాంట్రాక్టరు చందా ఎవరికి, పంచాయితీ ఎవరు చెప్పాలి, ఇదీ అసలు గొడవ. తునికాకు కట్టకు రేటు పెంచి కూలీల కడుపు నింపింది ఈ దళాలే, ఆ మేలు కాదనలేం. కానీ రెండు పార్టీలు తిరిగే ఊళ్లో గిరిజన ఇల్లాలి పరిస్థితి ఊహించండి. అర్ధరాత్రి తలుపు తడితే లేచి ఎసరు పెడుతుంది. పదిమందికి అన్నం వండాలంటే వారానికి దాచుకున్న బియ్యం అయిపోతాయి. రెండ్రోజులకు ఇంకో దళం వస్తుంది. వాళ్లదీ అదే యాస, అవే తుపాకులు, అదే లాల్‌సలాం. 'మొన్న ఎవరొచ్చారు? ఏం పెట్టావు? ఎటు పోయారు?' అనడుగుతారు. చెబితే ఒకరికి ఇన్ఫార్మరు, చెప్పకపోతే ఇంకొకరికి శత్రువు. పొద్దున్నే పోలీసులు వచ్చి అవే ప్రశ్నలు అడుగుతారు.

పెద్దవాళ్ల విషయంలో న్యాయం వేరుగా నడిచింది. కె.జి. సత్యమూర్తి మన కృష్ణా జిల్లా మనిషి, శివసాగర్ పేరుతో కవి. 1980ల మధ్యలో ఆయన్ని పీపుల్స్‌వార్ నుంచి పంపేశారు. సీతారామయ్యదీ ఈ జిల్లాయే. తాను పెట్టిన పార్టీయే 1990ల మొదట్లో ఆయన్ని బహిష్కరించింది. ఇద్దరూ ఒకప్పుడు కాజీపేట సెయింట్ గాబ్రియేల్ స్కూల్లో పంతుళ్లు. ఇద్దరూ ముసలితనంలో అనారోగ్యంతోనే పోయారు, ఒకరు 2012లో, మరొకరు 2002లో. నాయకుడికి బహిష్కరణ, కొరియర్ కుర్రాడికి తూటా. కొండపల్లి కోటేశ్వరమ్మ 'నిర్జన వారధి' చదివినవాళ్లకు ఈ ఉద్యమం ఇళ్లల్లో ఏం మిగిల్చిందో తెలుసు. ఆమె భర్త సీతారామయ్య ఆమెను విడిచి వెళ్లారు, కొడుకు ఉద్యమంలో పోయాడు, కూతురూ దక్కలేదు. ఆమె కన్నీళ్లు కనీసం పుస్తకంలోకి ఎక్కాయి. పోలీసు కోవర్టు అన్న అనుమానంతో కొడుకును పోగొట్టుకున్న తల్లి ఊళ్లో పదిమంది ముందు గట్టిగా ఏడవడానికే జంకింది.

రహస్య పార్టీలో అనుమానం నిజమో కాదో తేల్చే దారి లేదు. ఆరోపించేది కమాండరు, విచారించేది కమాండరు, శిక్ష వేసేది కమాండరు. సాక్షి ఉండడు, అప్పీలు ఉండదు, తెల్లారి చెట్టుకు ఒక కాగితం అంటిస్తే అయిపోయింది. ఈ బలహీనతను రాజ్యం బాగా కనిపెట్టింది. కోవర్టులను దళాల్లోకి పంపింది, లొంగిపోయినవాళ్లను పాత సహచరుల మీదికి వదిలింది. నయీం పాత పీపుల్స్‌వార్ మనిషే. 1993లో ఐపీఎస్ అధికారి వ్యాస్ హత్య కేసులో నిందితుడు. ఆ తర్వాత పోలీసుల అండతోనే ఉద్యమకారుల ప్రాణాలు తీశాడన్న ఆరోపణలు ఏళ్ల తరబడి వినిపించాయి. 2016లో షాద్‌నగర్‌లో పోలీసుల చేతిలోనే పోయాడు. నిజమైన కోవర్టు ఒకడు దొరికితే, వాడి భయంతో ఏ పాపం ఎరగనివాళ్లు ఎందరు బలయ్యారో ఆ పార్టీలకే తెలియాలి.

ఇది తెలుగువాళ్ల జబ్బే కాదు. శ్రీలంకలో ఎల్‌టీటీఈ 1986లో టెలో నాయకుడు శ్రీ సబారత్నాన్ని, వందలాది కార్యకర్తలను చంపింది. వాళ్లూ తమిళ ఈళం కోసమే తుపాకీ పట్టినవాళ్లు. 1990 జూన్‌లో ఈపీఆర్‌ఎల్‌ఎఫ్ నాయకుడు పద్మనాభను మద్రాసు నడిబొడ్డున కాల్చేసింది. నాలుగేళ్లకు ప్రభాకరన్ తన కుడిభుజం మహత్తయనే చంపించాడు. సిరియాలో 2014లో ఇస్లామిక్ స్టేట్, అల్‌ఖైదా శాఖ నుస్రా ఒకరి గొంతు ఒకరు కోసుకున్నాయి. బీహార్‌లో ఎంసీసీ, పార్టీ యూనిటీ అనే నక్సలైటు పార్టీలు ఏళ్ల తరబడి కొట్టుకున్నాయి, పార్టీ యూనిటీ 1998లో వార్‌లో కలిశాక కూడా ఆ పోరు కొంతకాలం సాగింది. చచ్చినవాళ్లు వందల్లో ఉన్నారు. 2004లో ఎంసీసీ, వార్ కలిసి మావోయిస్టు పార్టీ అయినప్పుడు అది తమ చరిత్రలో నల్ల అధ్యాయమని రెండు పక్షాలూ ఒప్పుకున్నాయి. ఆ మాత్రం ఒప్పుకోలు మన దగ్గర జరిగిన చావుల విషయంలో నేను వినలేదు.

ఆ 2004 అక్టోబరులోనే హైదరాబాదులో చర్చలు జరిగాయి. హోంమంత్రి జానారెడ్డి ఒకవైపు. ఎదురుగా మావోయిస్టు రామకృష్ణ, ఆయన పక్కనే జనశక్తి అమర్, రియాజ్. కరీంనగర్‌లో ఒకరి కార్యకర్తలను ఒకరు చంపుకున్న పార్టీలు ఒకే బల్లకు ఒకే వైపు కూర్చున్నాయి. ప్రభుత్వంతో మాట్లాడటానికి కలిసి కూర్చోగలిగినవాళ్లు, పల్లెల్లో కుర్రాళ్లు చస్తున్నప్పుడు ఎందుకు కూర్చోలేకపోయారు? ఎస్.ఆర్. శంకరన్, కె. బాలగోపాల్ లాంటి పౌరహక్కుల పెద్దలు ఇదంతా జరుగుతున్నప్పుడే మాట్లాడారు. పోలీసు ఎన్‌కౌంటర్లను ఎండగట్టిన నోటితోనే పార్టీల హత్యలనూ బాలగోపాల్ నిలదీశారు. అందుకు పాత మిత్రులే ఆయనకు దూరమయ్యారు.

ఇప్పుడు అడవి దాదాపు ఖాళీ అయింది. దశాబ్దాల పాటు దళాలు నడిపినవాళ్లు బయటికి వచ్చి టీవీల్లో మాట్లాడుతున్నారు. వాళ్లను వ్యూహాల గురించి అడుగుతున్నారు, ఆయుధాల డంపుల గురించి అడుగుతున్నారు. నేను అడిగేది ఒక్కటే. మీరూ, మీ పక్క పార్టీవాళ్లూ ఎవరెవర్ని చంపారో పేర్లు చెప్పండి. ఏ ఊరు, ఏ సంవత్సరం, ఏ నేరం మోపారు, అది నిజమని ఎలా తేల్చుకున్నారు, అన్నీ రాసి పెట్టండి. జనశక్తిలో, న్యూడెమోక్రసీలో ఉన్నవాళ్లూ, ఉండి మానేసినవాళ్లూ తమ వైపు లెక్క చెప్పాలి. ఎవర్ని కోవర్టులుగా పంపారో, ఎవర్ని లేనిపోని అనుమానంలోకి నెట్టారో పోలీసు శాఖా చెప్పాలి. అమాయకుడని తేలిన ప్రతి ఒక్కరి ఊరికీ ఆ పార్టీ మనుషులు వెళ్లి, నలుగురూ కూర్చునే చోట నిలబడి, పేరు పెట్టి ఆ మాట ఒప్పుకోవాలి. ఇన్ఫార్మరు ఇల్లు అన్న ముద్ర మోస్తున్న తల్లిదండ్రులు కొందరు ఇంకా బతికే ఉన్నారు, వాళ్లు వినాలి.