ఆపరేషన్ అయింది, ఆ తర్వాత?

ఆరోగ్య శాఖ మంత్రి గారికి,

కబడ్డీ కూతకెళ్లి మోకాలు మెలిపడి నా ఏసీఎల్ లిగమెంటు తెగింది. తొడ వెనక నుంచి తీసిన టెండాన్‌తో సర్జన్ గారు కొత్తది అమర్చారు. ఆయన పనికి వంక పెట్టను. చిక్కంతా ఆ తర్వాతే. మడమ కింద టవల్ చుట్ట పెట్టుకుని మోకాలు పూర్తిగా చాపాలి, తొడ బిగించి పది లెక్కపెట్టాలి. తొడ కండరం వారాల్లోనే చిక్కిపోతుంది. బలం రాకుండా బరిలో దిగితే మళ్లీ తెగొచ్చు. అందుకే కనీసం 9 నెలలు ఆగమంటారు. నొప్పి పోగానే మా కుర్రాళ్లు దూకేస్తారు, చెప్పేవాళ్లేరీ? మా మండలంలో ఫిజియోథెరపిస్టు లేరు. చంకకర్రలతో జిల్లా కేంద్రానికి బస్సెక్కాలి (ఆ మెట్టు ఎత్తు మీరోసారి చూడండి). వారానికి రెండు రోజులైనా ఒకరిని మా ఆసుపత్రికి పంపండి. బల్ల, రబ్బరు బ్యాండ్లు, తొక్కడానికో పాత సైకిలు ఉంటే చాలు.

ఇట్లు,
ఒక కబడ్డీ ఆటగాడు