నడవడానికి కర్ర ఎందుకు కావాలి?

ప్రొద్దుటూరు, జమ్మలమడుగు, పులివెందులలో తెల్లవారుజామున నడకకు బయల్దేరేవాళ్ల చేతులు ఒకసారి చూడండి. ఒకరి చేతిలో వెదురు కర్ర, ఇంకొకరి చేతిలో ప్లాస్టిక్ పైపు ముక్క, మరొకరి జేబులో బిస్కెట్ పొట్లం. షుగరు, బీపీ ఉన్నవాళ్లను రోజూ నడవమని డాక్టర్లు చెబుతున్నారు. ఆ నడకలో ఏ మలుపులో ఏ కుక్క కాచుకుని ఉంటుందో, ఎవరింటి గేటు తెరిచి ఉంటే వెనక్కి తిరగాలో వీధిలో అందరికీ తెలుసు. తెలియనట్టు ఉంటున్నది ఆ కుక్కను పెంచుతున్నవాళ్లు, ఊరి బాగోగులు చూడాల్సిన మునిసిపల్ అధికారులు. నడిచే మనిషి దారి మార్చుకోవడం ఇక చాలు. మీద పడే కుక్క ఎవరిదైనా సరే, దాన్ని కట్టడి చేసే బాధ్యతను చట్టం ఎవరికి అప్పగించిందో వాళ్లు ఆ పని చేసి తీరాలి.

మన ప్రాంతంలో ఎండ ఈ ప్రమాదాన్ని ఇంకా పెంచుతోంది. మార్చి దాటిందంటే పొద్దున ఎనిమిదింటికే రోడ్డు మీద నిలబడలేం. అందుకే నడక నాలుగున్నర, ఐదు గంటలకు జరుగుతుంది. రాత్రంతా మనిషి అలికిడి లేని వీధిని కుక్కలు తమదిగా చేసుకుని కాపలా కాసే వేళ అది. పగలు టీ బంకు పక్కన పడుకుని కన్నెత్తి చూడని కుక్కే ఆ చీకట్లో మీదికొస్తుంది. దాని వెనక నాలుగైదు చేరతాయి. ఫజర్ నమాజుకు పోయే పెద్దవాళ్లు, కార్తీక మాసంలో చన్నీళ్ల స్నానం చేసి గుడికి పోయే ఆడవాళ్లు, పాలు పోసేవాళ్లు, పేపర్ వేసే పిల్లలు, వీధులు ఊడ్చే మునిసిపల్ కార్మికులు, అందరూ ఆ వేళకే బయటికి రావాలి. భయమైతే నడక మానుకోండి అనేవాళ్లు వీళ్లకు ఏం చెబుతారు?

ఇది లేనిపోని భయం కాదు. 2023 ఫిబ్రవరి 19న హైదరాబాద్ అంబర్‌పేటలో నాలుగేళ్ల బాలుణ్ణి వీధికుక్కలు చుట్టుముట్టి చంపిన దృశ్యాన్ని సీసీ కెమెరా ద్వారా రెండు రాష్ట్రాలూ చూశాయి. తండ్రి అక్కడే వాచ్‌మన్‌గా పనిచేస్తున్నాడు. అదే ఏడాది అక్టోబరులో వాఘ్ బక్రీ టీ సంస్థ డైరెక్టర్ పరాగ్ దేశాయ్ అహ్మదాబాద్‌లో తన ఇంటి దగ్గర కుక్కలు వెంటపడినప్పుడు కిందపడి, తలకు దెబ్బ తగిలి, వారం తర్వాత ఆసుపత్రిలో చనిపోయారు. కుక్క పన్ను దిగకపోయినా, పడిపోతే ప్రాణం పోవచ్చు. అరవై దాటినవాళ్లకు తుంటి ఎముక విరిగితే మళ్లీ మునుపటిలా నడవడం ఎంత కష్టమో ఆ ఇంటివాళ్లకే తెలుస్తుంది. 2024లో దేశంలో నమోదైన కుక్కకాట్లు 37 లక్షలకు పైనే అని కేంద్ర ప్రభుత్వమే పార్లమెంటుకు చెప్పింది.

ముందుగా పెంపుడు కుక్కల సంగతి. కుక్కను పెంచుకోవడాన్ని ఎవరూ తప్పుపట్టరు. కానీ రాత్రి అన్నం పెట్టి గేటు తీసి వదిలేసి, పొద్దున పిలిచి లోపల కట్టేసుకునే అలవాటు మన పట్టణాల్లో చాలా ఇళ్లలో ఉంది. కాపలా తమ ఇంటికి, కాటు వీధికి అన్నట్టుంది వరస. ‘మా కుక్క ఏమీ చేయదు’ అని గేటు లోపలి నుంచి అరుస్తారు. ఆ మాట కుక్కకు తెలియదు. గొలుసు లేకుండా, మెడకు పట్టీ లేకుండా, టీకా వేయించకుండా వీధిలోకి వదిలితే అది నేరం కావచ్చు. భారతీయ న్యాయ సంహిత 291వ సెక్షన్ ప్రకారం తన దగ్గరున్న జంతువు వల్ల మనుషుల ప్రాణానికి, లేదా తీవ్రమైన గాయానికి అవకాశం ఉందని తెలిసీ, లేదా నిర్లక్ష్యంతో జాగ్రత్త తీసుకోనివాడికి ఆరు నెలల దాకా జైలు, ఐదు వేల రూపాయల దాకా జరిమానా, లేదా రెండూ పడవచ్చు. కరిచేదాకా ఆగాలని ఆ సెక్షన్ ఎక్కడా చెప్పలేదు.

ఇంకో అధికారం ఉంది, దాన్ని మన జిల్లాలో వాడవలసినంతగా వాడటం లేదు. భారతీయ నాగరిక్ సురక్షా సంహిత 152వ సెక్షన్ కింద ప్రమాదకరమైన జంతువును కట్టేయాలనో, అక్కడి నుంచి తీసేయాలనో యజమానిని ఆదేశించే అధికారం సబ్ డివిజనల్ మేజిస్ట్రేటుకు ఉంది. పాత సీఆర్పీసీలో అదే 133వ సెక్షన్. సబ్ డివిజనల్ మేజిస్ట్రేటు అంటే ఆర్డీఓ. జమ్మలమడుగులో ఆర్డీఓ ఉన్నారు, పులివెందులలో ఆర్డీఓ ఉన్నారు. పోలీసు నివేదిక వచ్చినా చాలు, పౌరుడు ఇచ్చిన సమాచారం నమ్మదగినదైనా చాలు. వీధిలో పది ఇళ్లవాళ్లు సంతకాలు పెట్టి, తేదీలు వేసి, ఎప్పుడు ఎవరి మీద పడిందో రాసి ఇస్తే దాన్ని మామూలు అర్జీల కట్టలో పడేయకుండా నోటీసు ఇవ్వాలి. ఒక్క వీధిలో ఒక్క నోటీసు గేటుకు అంటిస్తే మిగతా వీధుల్లో గొలుసులు వాటంతట అవే బయటికి వస్తాయి. ఇరుగుపొరుగుతో మాట పోతుందని ఫిర్యాదు చేయనివాళ్లే ఎక్కువ. పది మంది కలిసి రాస్తే ఆ మొహమాటం ఒక్కరి మీద పడదు.

వీధికుక్కల విషయంలో బాధ్యత మునిసిపాలిటీది. 2023లో కేంద్రం తెచ్చిన జంతు జనన నియంత్రణ నిబంధనల ప్రకారం వీధికుక్కలకు కుటుంబ నియంత్రణ ఆపరేషన్, రేబిస్ టీకా చేయించవలసింది స్థానిక సంస్థలే. 2025 ఆగస్టు 22న సుప్రీంకోర్టు ఇచ్చిన ఉత్తర్వు ఇంకా సూటిగా ఉంది: ఆపరేషన్, టీకా చేసిన కుక్కలను పట్టిన చోటే వదలాలి, కానీ రేబిస్ సోకినవాటిని, సోకిందన్న అనుమానం ఉన్నవాటిని, మనుషుల మీద పడే స్వభావం ఉన్నవాటిని తిరిగి వీధిలోకి వదలకూడదు. కుక్కలకు ఎక్కడపడితే అక్కడ తిండి పెట్టకూడదు, వార్డుకో చోటు కేటాయించాలి. ఆ ఏడాది నవంబరు 7న బడులు, ఆసుపత్రులు, బస్టాండ్లు, రైల్వే స్టేషన్లు, ఆట స్థలాల నుంచి వీధికుక్కలను తరలించి మళ్లీ అక్కడ వదలొద్దని చెప్పింది. ఈ ఉత్తర్వులు ఢిల్లీకే పరిమితం కావు. దేశమంతటికీ వర్తిస్తాయి కాబట్టి ప్రొద్దుటూరు బస్టాండుకూ, పులివెందుల ఆసుపత్రి ఆవరణకూ, జమ్మలమడుగు హైస్కూలు మైదానానికీ వర్తిస్తాయి. కరిచే కుక్కను పట్టుకుంటే జంతు ప్రేమికులు కేసు పెడతారని చేతులెత్తేసే అధికారికి ఇక ఆ సాకు లేదు.

డాక్టర్లు లేరనే సాకు అసలే లేదు. శ్రీ వేంకటేశ్వర పశువైద్య విశ్వవిద్యాలయం కళాశాల ప్రొద్దుటూరులోనే ఉంది. పశువైద్య విద్యార్థులు అక్కడే శస్త్రచికిత్స నేర్చుకుంటున్నారు. పులివెందులలో పశుపరిశోధన కోసం ప్రభుత్వం ఏకంగా ఒక పెద్ద కేంద్రాన్నే కట్టింది. రాష్ట్రంలో ఎన్ని చిన్న పట్టణాలకు ఈ వసతి ఉంది? జమ్మలమడుగు ప్రొద్దుటూరుకు పక్కనే. ముద్దనూరు మీదుగా పులివెందుల కూడా గంటన్నర ప్రయాణం లోపే. మూడు పట్టణాలు కలిసి జంతు సంక్షేమ బోర్డు గుర్తింపుతో ఒకే కేంద్రం పెట్టుకోవచ్చు. పట్టే బండి, శిక్షణ పొందిన మనుషులు, ఆపరేషన్ తర్వాత నాలుగు రోజులు ఉంచడానికి గదులు, మీద పడే కుక్కలను ఎప్పటికీ ఉంచడానికి వేరుగా ఒక షెడ్డు ఉంటే చాలు. కళాశాలతో ఒప్పందం చేసుకుంటే పట్టణానికి పని జరుగుతుంది, విద్యార్థులకు చేయి తిరుగుతుంది. ఇది ఇన్నాళ్లూ ఎందుకు జరగలేదో మూడు పట్టణాల కమిషనర్లు జనానికి చెప్పాలి.

ఆపరేషన్లు అక్కడక్కడా, అప్పుడప్పుడూ చేస్తే డబ్బు దండగ. ఆడకుక్క ఏడాదికి రెండు ఈతలు ఈనగలదు, ఈతకు నాలుగైదు పిల్లలు. ఒక వార్డులో వంద కుక్కలుంటే ఇరవైకి చేసి ఆపేస్తే మరుసటి ఏటికి లెక్క మొదటికి వస్తుంది. పిల్లలున్న తల్లి కుక్కే దారినపోయేవాళ్ల మీదికి ఎక్కువగా దూకుతుందన్నది కూడా మరవకూడదు. భూటాన్ 2009లో మొదలుపెట్టి వదలకుండా చేసి, 2023లో వీధికుక్కలన్నింటికీ ఆపరేషన్లు పూర్తి చేశామని ప్రకటించింది. మన దగ్గర వార్డు సచివాలయాలు ఉన్నాయి. పారిశుధ్యం చూసే కార్యదర్శి ప్రతిచోటా ఉన్నారు. వీధివీధికీ కుక్కల లెక్క తీయడం వాళ్లకు వారం రోజుల పని.

చంపేస్తే పోతుంది కదా అనేవాళ్లు మన మధ్య ఉన్నారు. బిడ్డను కరిచినప్పుడు తండ్రికి వచ్చే కోపం అర్థం చేసుకోదగినదే. అయినా ఆ దారి తప్పు. 2021లో పశ్చిమ గోదావరి జిల్లా లింగపాలెంలో వందల కుక్కలకు విషమిచ్చి గోతిలో పూడ్చారు. అది పోలీసు కేసయింది, రాష్ట్రం తలదించుకుంది. చట్టం ఒప్పుకోదు, మనసూ ఒప్పుకోకూడదు. పైగా ఒక వీధి ఖాళీ అయితే తిండి ఉన్నంతకాలం పక్క వీధి నుంచి టీకా లేని కొత్త కుక్కలు వచ్చి చేరతాయి. ఆ తిండి ఎక్కడిదో ఆదివారం సాయంత్రం చికెన్ అంగళ్ల వెనక చూస్తే తెలుస్తుంది. పేగులు, తలలు, ఈకలు సంచుల్లో కట్టి కాలువ గట్టున పడేస్తున్నారు. హోటళ్ల ఎంగిలి విస్తర్లూ అంతే. వ్యర్థాలు బండికి ఇవ్వని అంగడికి మొదటిసారి జరిమానా, రెండోసారి లైసెన్సు రద్దు. ఇందులో మెత్తదనం పనికిరాదు.

ఇవన్నీ జరిగేదాకా పొద్దున్నే బయటికి పోక తప్పదు కాబట్టి నడిచేవాళ్లు కొన్ని గుర్తుంచుకోవాలి. కుక్క మొరుగుతూ వస్తే పరుగెత్తకండి. పరుగెత్తే దాన్ని వెంటాడటం దాని స్వభావం. ఆగి, పక్కకు తిరిగి నిలబడండి. దాని కళ్లలోకి చూడకండి, చేతులు ఊపకండి. గొడుగో, సంచో, కండువానో మీకూ దానికీ మధ్య అడ్డంగా పట్టుకోండి. పళ్లు దిగితే అందులో దిగనివ్వండి. అది ఆగగానే ముఖం దానివైపే ఉంచి అడుగు అడుగు వెనక్కి వేయండి. రాయి తీసినట్టు వంగితే కొన్ని జంకుతాయి, నిజమే. కానీ గుంపు చుట్టుముట్టినప్పుడు వంగితే మెడ, ముఖం వాటికి అందుతాయి. కిందపడితే మోకాళ్లు పొట్టలోకి ముడుచుకుని, రెండు చేతులతో మెడ వెనక భాగాన్ని, చెవులను కప్పుకోవాలి. బైకు మీద ఉన్నప్పుడు వెంటపడితే వేగం పెంచకుండా తగ్గించండి. పిల్లలకు ఇది బడిలో నేర్పాలి. ప్రపంచ ఆరోగ్య సంస్థ లెక్కలో రేబిస్ అనుమానం ఉన్న కాట్లు పడ్డవాళ్లలో నూటికి నలభై మంది పదిహేనేళ్ల లోపు వాళ్లే.

కరిస్తే ఇంటికి పరుగెత్తేముందు దగ్గర్లో ఏ కుళాయి ఉంటే దాని దగ్గరికి పోవాలి. ధారగా నీళ్లు పడుతుండగా సబ్బుతో పావుగంట గాయాన్ని కడగాలి. పావుగంట అంటే చాలాసేపు. రెండు నిమిషాలకే చేయి తీసేయాలనిపిస్తుంది, తీయకూడదు. గాయంలో ఉన్న వైరస్‌లో చాలా భాగం అక్కడే కొట్టుకుపోతుంది. కారం, సున్నం, పసుపు, కాఫీ పొడి, ఆకు పసరు ఏదీ పెట్టకూడదు. వెంటనే ప్రభుత్వాసుపత్రికి పోవాలి. టీకా ఉచితం. బొడ్డు చుట్టూ పద్నాలుగు సూదులనే పాత భయంతో ఇప్పటికీ ఆగిపోయేవాళ్లున్నారు. గొర్రె మెదడు నుంచి చేసే ఆ మందు ఆగిపోయి ఇరవై ఏళ్లు దాటింది. ఇప్పుడు భుజానికి చిన్న సూది, మొదటి రోజు వేసి ఆ తర్వాత 3, 7, 28వ రోజుల్లో మళ్లీ వేస్తారు. రక్తం వచ్చేలా కరిస్తే టీకాతో పాటు గాయం చుట్టూ ఇమ్యూనోగ్లోబ్యులిన్ కూడా ఇవ్వాలి. అడిగి వేయించుకోండి. పెంపుడు కుక్కే కదా, యజమాని మంచివాడే కదా అని ఆగకండి. లక్షణాలు బయటపడ్డాక రేబిస్‌కు మందు లేదు. ముఖం మీద, చేతుల మీద పడ్డ కాటు నుంచి అది మెదడుకు మరీ త్వరగా చేరుతుంది.

ఆసుపత్రులు తమ వంతు చేయాలి. ఇమ్యూనోగ్లోబ్యులిన్ కోసం గాయంతో ఉన్న మనిషిని కడపకు బస్సెక్కించడం మంచి వైద్యం అనిపించుకోదు. ప్రొద్దుటూరు, జమ్మలమడుగు, పులివెందుల ప్రభుత్వాసుపత్రుల్లో టీకా ఎంత ఉంది, ఇమ్యూనోగ్లోబ్యులిన్ ఎంత ఉందన్నది ఓపీ కౌంటర్ దగ్గర బోర్డు మీద రోజూ రాయాలి. కాటుకు వచ్చిన ప్రతి మనిషి వీధి పేరు ఆ సాయంత్రానికే మునిసిపాలిటీకి చేరాలి. మూడు రోజుల్లో ఒకే వీధి పేరు రెండుసార్లు వస్తే నాలుగో రోజు కుక్కలు పట్టే బండి ఆ వీధికి పోవాలి.

వచ్చే నెలలోగా మూడు పట్టణాల కమిషనర్లు, ఇద్దరు ఆర్డీఓలు, పశువైద్య కళాశాల అధిపతి ఒకే బల్ల దగ్గర కూర్చోవాలి. ఆపరేషన్ కేంద్రం ఎక్కడ, ఎవరి ఖర్చు, ఏ తేదీ నుంచి అన్నది రాసుకుని, ఫిర్యాదులు తీసుకునే ఫోన్ నంబరుతో సహా ప్రతి వార్డు సచివాలయం గోడ మీద అంటించాలి. పెంపుడు కుక్కల నమోదుకు గడువు ఇవ్వాలి. ఆ గడువు దాటాక గొలుసు లేకుండా వీధిలో కనబడ్డ పెంపుడు కుక్క యజమాని ఏ పార్టీవాడైనా, ఎంత పెద్ద ఇంటివాడైనా మొదటి నోటీసు అతని గేటుకే పడాలి.